సేవ కోసం తొలి పరుగు: పది కిలోమీటర్లు, యాభై వేల రూపాయలు

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో పది కిలోమీటర్లు పరిగెత్తి, ఒక సేవాసంస్థకి విరాళాలు పోగుచేద్దామనుకున్నారు. బాగుంది. ఇలా అనుకునే కొత్తవాళ్ళు ఎక్కువగా ఒకే చోట తప్పటడుగు వేస్తారు. మేలో బూట్లు కొంటారు, జూన్‌లో పరుగు మొదలుపెడతారు, డబ్బు అడగాలన్న సంగతి మాత్రం పోటీ నాలుగు రోజులుందనగా గుర్తొస్తుంది. అప్పుడు చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక లింకు పడేస్తారు. కింద పది దణ్ణాలు, నాలుగు చప్పట్లు వస్తాయి. డబ్బు రాదు. కాళ్ళకి పన్నెండు వారాలు కావాలి, అడగడానికి కనీసం ఆరు వారాలు కావాలి. ఈ రెంటిలో కొత్తవాళ్ళకి కష్టమైనది రెండోదే, అందుకే ఇక్కడ దానికే ఎక్కువ చోటు.

పరుగే కానక్కర్లేదు. సైకిలైనా, ముప్ఫై రోజుల్లో వంద కిలోమీటర్ల నడకైనా (రోజుకి 3.3 కిలోమీటర్ల చిల్లర) డబ్బు వైపు పని మారదు. 2014లో లోకమంతా ఐస్ బకెట్ ఛాలెంజ్ పేరుతో విరాళాల కోసం నెత్తిన ఐసు నీళ్ళు కుమ్మరించుకుంటుంటే, హైదరాబాద్ పాత్రికేయురాలు మంజులత కళానిధి నీళ్ళ బదులు ఒక బకెట్ బియ్యం లేనివాళ్ళకి ఇవ్వమన్నారు. అది ఊళ్ళు దాటి దేశాలు దాటింది. ఎవరూ చెమటోడ్చలేదు, కానీ ఏం చేయాలో వినగానే అర్థమైంది. మీదీ అంతే తేలిగ్గా ఉండాలి. ఏం చేస్తున్నారు, ఎవరి కోసం, ఎంత అని పక్కింటావిడ గుమ్మంలో నిలబడి అడిగితే ఒక్క ఊపిరిలో చెప్పగలగాలి.

ముందు సంస్థ, తరవాత బూట్లు

సంస్థని మార్చి చివరికో ఏప్రిల్‌లోనో ఖాయం చేసుకోండి. పేరు వినగానే నచ్చడం చాలదు, నాలుగు కాగితాలు చూడాలి.

ఒకటి, ఆదాయపు పన్ను శాఖ దగ్గర సంస్థకి ఉండాల్సిన నమోదు, విరాళమిచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపునిచ్చే 80జీ నమోదు. 80జీ ఎప్పటివరకు చెల్లుతుందో ఆ పత్రం మీదే ఉంటుంది. మీ పోటీ తేదీ దాటి ఉండాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల అంకెలు మారాయి, కానీ సంస్థల్లోనూ దాతల నోటా ఇంకా 80జీ అనే మాటే నడుస్తోంది. రెండు, స్వచ్ఛంద సంస్థల వివరాలుండే నీతి ఆయోగ్ వారి వెబ్‌సైట్ ఎన్జీవో దర్పణ్‌లో నమోదు సంఖ్య. మూడు, పోయిన ఏడాది ఆడిట్ లెక్కలు. నాలుగోది విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి, అంటే ఎఫ్‌సీఆర్ఏ. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో అక్కో బావో లేని తెలుగిల్లు తక్కువ కాబట్టి, ఈ నాలుగోదాన్ని చిన్నచూపు చూడొద్దు.

కాగితాలు సరిపోయాక సంస్థకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. మీ పేరు మీద విడిగా విరాళాల పేజీ పెట్టిస్తారా? వచ్చిన డబ్బు ఫలానా పనికే వాడతారా, ఎక్కడ అవసరమైతే అక్కడ వాడతారా? ఒక్క మనిషికి ఒక్క పనికి ఎంత ఖర్చవుతుంది? మూడోది గట్టిగా అడగండి. ఒక కంటి ఆపరేషన్‌కి ఇంత, ఒక పిల్లవాడికి రక్తం ఎక్కించడానికి ఇంత అని వాళ్ళు చెప్పే అంకెమీదే రేపు మీరు రాసే ప్రతి సందేశం నిలబడుతుంది. ఆ అంకె మీ అంతట మీరు ఊహించి రాయకండి. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ లాంటి పాత సంస్థలకి ఇలాంటి లెక్కలు చెప్పడం అలవాటే. మీ ఊళ్ళో చిన్న అనాథాశ్రమమైనా పనికొస్తుంది, కాకపోతే పై నాలుగు కాగితాలూ అక్కడ మరీ జాగ్రత్తగా చూడాలి.

ఆ మూడు ప్రశ్నలకీ వారం దాటినా జవాబు రాకపోతే ఇంకో సంస్థని చూసుకోండి. విరాళం తీసుకోకముందే బదులు పలకనివాళ్ళు తీసుకున్నాక రసీదుకి తిప్పుతారు.

సంస్థ తేలాక పోటీకి పేరు నమోదు చేసుకోండి. ఆ రుసుము మీ జేబులోంచే. అది విరాళం కాదు, దాని మీద పన్ను మినహాయింపూ రాదు. బూట్లు, ఆటో ఖర్చు కూడా మీవే. పోగుచేసిన దాంట్లోంచి ఒక్క రూపాయి ఇటు మళ్ళినా, తరవాత ఎవరికీ మొహం చూపించలేరు. రుసుము సాధారణంగా వెనక్కి ఇవ్వరు. మీ బిబ్‌ని, అంటే ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితాన్ని, ఇంకొకరికి ఇవ్వడం అసలు కూడదు. దారిలో ఎవరైనా పడిపోతే వైద్యులు బిబ్ మీద ఉన్న పేరు, వివరాలే చూస్తారు. అవి వేరేవాళ్ళవైతే ప్రాణం మీదికి వస్తుంది.

ముంబయిలో జనవరిలో జరిగే టాటా మారథాన్, లండన్ మారథాన్ లాంటివాటిలో సేవాసంస్థల ద్వారా వచ్చే బిబ్‌లు వేరేగా ఉంటాయి. ఇంత మొత్తం పోగుచేస్తానని ముందే ఒప్పుకుంటేనే అవి ఇస్తారు. లండన్‌లో ఆ మొత్తం తరచుగా రెండు వేల పౌండ్లు, ఆ పైమాటే. మొదటిసారికి ఆ ఒప్పందం నెత్తికెత్తుకోవద్దు.

ఎంత అనుకోవాలి

మొదటిసారికి యాభై వేలు మంచి అంకె. నగరంలో ఉద్యోగం చేస్తూ ఫోన్లో నాలుగు వందల పేర్లున్న మనిషికి అది అందని పండూ కాదు, అరచేతిలో పండూ కాదు. ఇంకా చదువుకుంటున్నవాళ్ళయితే పదిహేను వేలు పెట్టుకోండి.

లెక్క ఇలా వేయండి. మనవాళ్ళ చేతులు చదివింపులకి అలవాటు పడ్డాయి, గుండు సున్నాతో ముగిసే మొత్తం ఇవ్వడానికి మనసొప్పదు. కాబట్టి పేజీలో పెట్టే మొత్తాలు కూడా 516, 1,116, 2,116, 5,116 అని పెట్టండి. 5,116 ఇచ్చేవాళ్ళు నలుగురు, 2,116 ఇచ్చేవాళ్ళు ఎనిమిది మంది, 1,116 పదిమంది, 516 ఎనిమిది మంది అనుకుంటే 52,680 అవుతుంది. దాతలు ముప్ఫై మంది. పైన మిగిలే 2,680 ఆన్‌లైన్ చెల్లింపుకి పడే గేట్‌వే ఛార్జీలకీ, చివర్లో జారిపోయే ఒకరిద్దరికీ సరిపోతుంది. ముప్ఫై మంది ఇవ్వాలంటే అరవై మందిని అడగాలి. సగం కన్నా ఎక్కువమంది ఇస్తారని ఎప్పుడూ లెక్క వేసుకోవద్దు.

ఇప్పుడు కాగితం తీసుకుని ఆ అరవై పేర్లూ రాయండి. ఫోన్లో కాదు, కాగితం మీదే. పేరు, వరస, ఎంత అడగాలి, ఏ రోజు అడిగారు, ఏమన్నారు, కృతజ్ఞత చెప్పారా అని ఆరు గళ్ళు గీయండి. 5,116 గడిలో నాలుగు పేర్లు రాయలేకపోతే మీ లక్ష్యం యాభై వేలు కాదు, ముప్ఫై వేలు. అది ఏప్రిల్‌లో తెలియడం మేలు.

కిలోమీటరుకి ఇంత ఇస్తామని మాట తీసుకుని, పరుగయ్యాక వసూలు చేసే పద్ధతి కొందరికి నచ్చుతుంది. వద్దు. పరుగు మర్నాడు మీ కాళ్ళు పట్టేసి ఉంటాయి, ఇస్తామన్నవాళ్ళు మరిచిపోయి ఉంటారు, మీరు అప్పులవాళ్ళలా ఫోన్లు చేస్తూ కూర్చోవాలి. ఎవరిచ్చినా ముందే, నేరుగా సంస్థకే ఇవ్వాలి.

డబ్బు మీ చేతిలోకి రాకూడదు

కింద చెప్పే అమ్మమ్మ లాంటివాళ్ళ నగదుకి తప్ప, ఈ ఒక్క నియమం ఎవరి కోసమూ సడలించకండి. విరాళాల పేజీ సంస్థ వెబ్‌సైట్‌లోనిదే అయితే మంచిది. మిలాప్, కెట్టో, గివ్ ఇండియా లాంటి వేదికల మీద పెట్టాల్సి వస్తే, డబ్బు చేరేది సంస్థ బ్యాంకు ఖాతాకేనా, మీ సొంత ఖాతాకా అన్నది మొదటే చూసుకోండి. వేదిక తీసుకునే రుసుము ఎంతో, దాతని విడిగా అడిగే 'టిప్' గడి ముందే నింపి ఉందో లేదో కూడా చూడండి. అది నింపి ఉంటే, తీసేయొచ్చని సందేశంలోనే ఒక ముక్క రాయండి. లేకపోతే 1,116 ఇద్దామనుకున్న పెద్దాయన ఖాతాలోంచి వంద ఎక్కువ పోతుంది, అడిగింది మీరే కాబట్టి మాట మీకొస్తుంది.

అయినా ఎవరో ఒకరు మీ ఫోన్‌పేకే కొట్టేస్తారు. దాన్ని మీరు సంస్థకి పంపితే రసీదు మీ పేరున వస్తుంది, ఇచ్చినవాళ్ళకి మినహాయింపు పోతుంది. వచ్చిన మొత్తం వచ్చినట్టే తిప్పి పంపి, లింకు మళ్ళీ ఇవ్వండి. మొహమాటమే, కానీ రెండు నిమిషాల మొహమాటం.

నగదు సంగతి ఇంకొంచెం తిరకాసు. 80జీ కింద మినహాయింపు కావాలంటే నగదు విరాళం 2,000 దాటకూడదు. 2,116 నగదుగా ఇస్తే పైనున్న 116కి మాత్రమే కాదు, మొత్తానికే మినహాయింపు రాదు. నూటపదహార్ల లెక్క మనని ఇరికించేది ఇక్కడే. నగదిచ్చేవాళ్ళ దగ్గర 1,116 దాటి అడగకండి. స్మార్ట్‌ఫోన్ లేని అమ్మమ్మ 516 చేతిలో పెడితే, ఆవిడ పేరు, చిరునామా రాసుకుని సంస్థ ఆఫీసులో కట్టి, ఆవిడ పేరునే రసీదు తెచ్చి ఇవ్వండి. బియ్యం, దుస్తులు, పుస్తకాల రూపంలో ఇచ్చేవాటికి ఈ మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకీ లేదు. కాబట్టి "పన్ను కలిసొస్తుంది" అని అందరికీ ఒకే సందేశం పంపితే చాలామందికి అది అబద్ధమవుతుంది.

దాతల పాన్ నంబర్లు మీ వాట్సాప్‌కి తెప్పించుకోవద్దు. ఆ గడి సంస్థ ఫారంలోనే ఉంటుంది, వాళ్ళే నింపుకుంటారు.

విదేశాల్లో ఉన్నవాళ్ళది పాస్‌పోర్టుని బట్టి తేలుతుంది, ఉన్న ఊరిని బట్టి కాదు. డాలస్‌లో ఉన్నా భారత పాస్‌పోర్టే ఉన్న తమ్ముడు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కింద రాదు. సంస్థ పాస్‌పోర్టు నకలు అడగొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బావగారు ఇస్తే మాత్రం విదేశీ విరాళమే, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. అది సంస్థ ఎఫ్‌సీఆర్ఏ ఖాతాకే పోవాలి. ఆ ఖాతా ఏ సంస్థకైనా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోనే ఉంటుంది, కాబట్టి ఖాతా వివరాల్లో న్యూఢిల్లీ కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. "నీ ఖాతాకి పంపుతా, నువ్వు కట్టెయ్" అని బావగారు అంటే ఒప్పుకోవద్దు. అది చట్టంతో చెలగాటం. సంస్థకి అమెరికాలో అనుబంధ సంస్థ ఉంటే ఆయన అక్కడే ఇవ్వచ్చు, అక్కడి పన్నులో మినహాయింపూ చూసుకోవచ్చు. బ్రిటన్‌లో నమోదైన సేవాసంస్థకి అక్కడ పన్ను కట్టేవాళ్ళు ఇస్తూ గిఫ్ట్ ఎయిడ్ గడిలో టిక్కు పెడితే, ప్రతి పౌండుకి 25 పెన్నీలు ప్రభుత్వం కలుపుతుంది.

అడిగే పని

జులై మొదటి వారంలో మొదలుపెట్టండి. జూన్‌లో బడి ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు. ఎవరి చేతిలోనూ డబ్బాడదు. జీతం పడే 1 నుంచి 5వ తేదీ మధ్య అడిగిన మాటకి ఉన్న విలువ 25న ఉండదు. ఆగస్టులో శ్రావణం వస్తుంది, వరలక్ష్మీ వ్రతాలు, పెళ్ళిళ్ళు. అప్పటికే పెద్ద మొత్తాలు వచ్చేసి ఉండాలి.

పేజీ తెరవగానే మొదటి విరాళం మీదే వేయండి. సున్నా దగ్గరున్న పేజీలో మొదట చెయ్యి పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. తరవాత ఇంట్లోవాళ్ళు, ఇద్దరు ప్రాణస్నేహితులు. పదివేలు దాటేదాకా లింకు బయటికి వదలొద్దు.

తరవాత 5,116 వాళ్ళు నలుగురు. వీళ్ళకి సందేశం కాదు, ఫోన్ చేయాలి, వీలైతే ఇంటికెళ్ళాలి. పెద్ద మొత్తాలు పైన కనిపిస్తే తరవాత వచ్చేవాళ్ళు తమ అంకె దాన్ని చూసి వేసుకుంటారు. పైన 116 కనిపిస్తే 116లే వరసగా పడతాయి.

మిగతావాళ్ళకి వాట్సాప్, ఒక్కొక్కరికీ విడిగా. గ్రూపులో అడిగితే ఎవరినీ అడగనట్టే, ప్రతివాళ్ళూ పక్కవాళ్ళు ఇస్తారనుకుంటారు. బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడితే, మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్ళకి ఆ సందేశం అసలు చేరదు. వాళ్ళు చూసీ పలకలేదని మీరు నొచ్చుకుంటారు, వాళ్ళకి సంగతే తెలియదు.

పెద్దవాళ్ళకి ఇలా రాయొచ్చు:

"బాబాయ్‌గారూ, నమస్కారం. ఆగస్టులో హైదరాబాద్‌లో పది కిలోమీటర్లు పరిగెడుతున్నాను. తలసీమియా ఉన్న పిల్లలకి మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తూ ఉండాలట. వాళ్ళ కోసం యాభై వేలు పోగుచేద్దామనుకున్నాను, ఇప్పటికి పద్నాలుగు వేలయ్యాయి. మీ పేరున 1,116 వేస్తారేమోనని అడుగుతున్నాను. లింకు కింద ఉంది. డబ్బు నేరుగా సంస్థకే వెళ్తుంది, రసీదు మీకే వస్తుంది. ఇప్పుడు వీలుకాకపోతే ఏమీ అనుకోకండి. పిన్నిగారి మోకాలు ఎలా ఉంది?"

ఆఫీసులో దోస్తుకి:

"అన్నా, ఆగస్టుల పది కిలోమీటర్లు ఉరుకుతున్న. నవ్వకు. తలసీమియా పిల్లల కోసం పైసలు జమచేస్తున్న, ఇంక ముప్పై వేలు కావాలె. నువ్వు 1,116 ఎయ్యి, మన కంపెనీ గంతే కలుపుతది. లింకు కింద పెట్టిన. రేపటికల్లా చూడు."

రెండింటిలోనూ అడిగిన మొత్తం ఒక్కటే, అదీ అంకెతో. "మీకు తోచినంత" అని రాస్తే, ఎంత ఇవ్వాలో తేల్చుకునే భారం అవతలివాళ్ళ మీద పడుతుంది, ఆ ఆలోచనలో ఫోన్ పక్కన పెడతారు. ఇంకెంత కావాలో, ఎంతయిందో చెప్పడం రెండోది. కాదనడానికి దారి వదలడం మూడోది. పిన్నిగారి మోకాలు నిజంగా గుర్తుంటేనే అడగండి, లేకపోతే ఆ వాక్యం తీసేయండి. పూత ఇట్టే తెలిసిపోతుంది.

జవాబు రాకపోతే వారం పది రోజులాగి ఒకే ఒక్కసారి గుర్తుచేయండి. అంతటితో ఆపండి. పెళ్ళిళ్ళలో ఎదురుపడాల్సిన మనుషులు వీళ్ళు.

కంపెనీ కలపడం గురించి ఒక మాట. ఉద్యోగి ఇచ్చినదానికి సమానంగా కలిపే కంపెనీలు హైటెక్ సిటీ వైపు కొన్ని ఉన్నాయి. సంస్థ పేరు ముందే వాళ్ళ జాబితాలో ఉండాలి, కంపెనీలు ఇలా కలపడానికి వాడే బెనెవిటీ లాంటి వేదికలో సంస్థ నమోదై ఉండాలి. ఆ నమోదుకి వారాలు పట్టొచ్చు కాబట్టి మేలోనే హెచ్ఆర్‌ని అడిగి పెట్టుకోండి. పోటీ వారంలో అడిగితే చేయి దాటిపోతుంది.

కాళ్ళ సంగతి

నలభై దాటినవాళ్ళు, బీపీ, షుగర్, గుండె ఇబ్బంది ఉన్నవాళ్ళు ముందు డాక్టర్‌ని కలవాలి. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు ఒక బొటనవేలి వెడల్పు చోటు వదలాలి. ఇరుకైతే గోళ్ళు నల్లబడి ఊడతాయి. నూలు మేజోళ్ళు చెమట పట్టుకుని బొబ్బలు తెస్తాయి, పాలిస్టర్ కలిసినవి మేలు.

వారానికి నాలుగు రోజులు. మంగళ, గురువారాల్లో అరగంట చొప్పున, శనివారం మామూలు నడక, ఆదివారం దూరం. మొదటి రెండు వారాలు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, పదిసార్లు. తరవాతి రెండు వారాలు రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. ఐదో వారం నుంచి నాలుగుకి ఒకటి. ఆదివారాల దూరం వరసగా 3, 4, 5, 4, 5, 6, 7, 5, 8, 9, 6 కిలోమీటర్లు, పన్నెండో ఆదివారం పోటీ. మధ్యలో తగ్గే వారాలు బద్ధకానికి కాదు. అప్పుడే కండరం, ఎముక సర్దుకుంటాయి. అవి ఎగ్గొట్టినవాళ్ళకే మోకాలి కింద ముందెముక వెంట నొప్పి పట్టుకుంటుంది. అది వస్తే వారం పరుగు ఆపి నడవండి, సిమెంటు రోడ్డు వదిలి మట్టి దారి చూసుకోండి.

వేగం ఎంతుండాలని వాచీని అడగొద్దు. పక్కవాళ్ళతో ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే సరైన వేగం. రెండు మాటలకే ఆగితే తగ్గించండి.

హైదరాబాద్ నేల ఎత్తుపల్లాలది. పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా సాగే పూర్తి మారథాన్ దారి ఫ్లైఓవర్లకి పేరుపడింది, చిన్న దూరాల్లోనూ ఎక్కుడు తప్పదు. నెక్లెస్ రోడ్డు చదును మీదే తర్ఫీదు చేసి వస్తే అక్కడ దెబ్బతింటారు. వారంలో ఒక రోజు కేబీఆర్ పార్కు చుట్టుపక్కలో, ఉస్మానియా ప్రాంగణంలోనో ఎక్కుడు దారి వెతుక్కోండి; విశాఖవాళ్ళు బీచ్ రోడ్డు వదిలి కొండ దారి పట్టాలి. ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేయాలి, దిగేటప్పుడు దూకకూడదు. మోకాలు పాడయ్యేది దిగేటప్పుడే.

గంట దాటిన రోజుల్లో నీళ్ళతో పాటు ఉప్పు కూడా కావాలి. డబ్ల్యూహెచ్‌వో లెక్క ప్రకారం చేసిన 20.5 గ్రాముల ఓఆర్ఎస్ పొట్లాన్ని సరిగ్గా లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసు నీళ్ళలో పొట్లమంతా వేస్తే మేలు బదులు కీడు. అలాగని ఉత్త నీళ్ళే లీటర్లకి లీటర్లు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి కళ్ళు తిరుగుతాయి.

పోటీ వారం

బిబ్ పోటీ రోజున ఇవ్వరు, ముందు రోజుల్లో జరిగే ఎక్స్‌పోలో గుర్తింపు కార్డు చూపించి తెచ్చుకోవాలి. వెనక వైపు అత్యవసర ఫోన్ నంబరు, రక్తం గ్రూపు, వాడే మందులు పెన్నుతో నింపండి. నాలుగు మూలలా నాలుగు పిన్నులతో ఛాతీ మీద పెట్టుకోవాలి. టైమింగ్ చిప్ సాధారణంగా బిబ్‌కే అంటించి ఉంటుంది, మడవకూడదు.

ఆ రోజు కొత్తది ఏదీ వద్దు. కొత్త బట్టలు తొడల దగ్గర, చంకల్లో ఒరుసుకుంటాయి. అక్కడ వేజలీన్ రాయండి. మగవాళ్ళకి తడిచొక్కా రాపిడికి చనుమొనలు చిట్లి రక్తం వస్తుంది, రెండు ప్లాస్టర్లు అంటించుకుంటే సరి. పరుగుకి గంటన్నర ముందు రెండు ఇడ్లీలు, కొంచెం చట్నీ, ఒక అరటిపండు చాలు. కారప్పొడి, నెయ్యి మధ్యాహ్నానికి దాచుకోండి.

మొదటి రెండు కిలోమీటర్లు జనం మిమ్మల్ని దాటి పోతుంటారు. పోనివ్వండి. డప్పులు, మైకులు, చప్పట్లకి ఉప్పొంగి మొదట్లోనే ఉరికినవాళ్ళు ఏడో కిలోమీటరు దగ్గర నడుం పట్టుకుని నడుస్తూ కనిపిస్తారు. నీళ్ళ బల్ల దగ్గర ఆగి రెండు గుక్కలు తాగండి. ఛాతీలో నొప్పి, చలి పుట్టి వణుకు, చెమట ఆగిపోవడం, మాట తడబడడం, వీటిలో ఏది కనిపించినా పక్కకి తప్పుకుని వైద్య బృందాన్ని పిలవాలి. మధ్యలో ఆపేసినా విరాళాలు ఎక్కడికీ పోవు, అవి అప్పటికే సంస్థకి చేరిపోయాయి. ఆ సంగతి దాతలకి ఉన్నదున్నట్టు చెప్పండి. ఎవరూ డబ్బు వెనక్కి అడగరు.

డబ్బు విషయంలో ఈ వారం రెండు పనులు. బిబ్ తెచ్చుకున్న రోజే, ఇంకా పలకనివాళ్ళలో ఇంతకుముందు గుర్తుచేయనివాళ్ళకి బిబ్ ఫొటోతో ఆ ఒక్క గుర్తుచేసే సందేశం. పరుగయ్యాక 48 గంటల్లోపు, మెడలో పతకంతో చెమట మొహం ఫొటో, "ఇంకా ఆరు వేలు తక్కువున్నాయి, పేజీ పదిరోజులు తెరిచే ఉంటుంది" అన్న మాట. ఇద్దామనుకుని వాయిదా వేసినవాళ్ళు ఈ ఫొటో చూసి కదులుతారు. అలసిపోయామని ఈ పని మానేసి చేతికందిన డబ్బు వదులుకునేవాళ్ళు చాలామంది.

తరవాతి పని

విరాళం పడిన రోజే, పేరు పెట్టి కృతజ్ఞత చెప్పాలి. పెద్దవాళ్ళకి ఫోన్ చేయండి, మిగతావాళ్ళకి పది సెకన్ల వాయిస్ నోట్ చాలు. గ్రూపులో పేర్లు రాసినా పక్కన మొత్తాలు రాయకండి. చదివింపులు మైకులో చదివినట్టు చేస్తే 516 ఇచ్చినాయన వచ్చే ఏడాది మీ సందేశం తెరవడు.

పేజీ మూసిన నెలలోపు మొత్తం ఎంతయిందో, ఛార్జీలు పోను సంస్థకి ఎంత చేరిందో, దాంతో ఏం చేశారో సంస్థ చేత రాయించి అందరికీ పంపండి. ఇవ్వనివాళ్ళకి కూడా పంపొచ్చు, దెప్పకుండా.

ఇక మిగిలేది పన్ను పత్రం. ఆగస్టులో ఇచ్చిన విరాళానికి సంస్థ ఇచ్చే మామూలు రసీదు చాలదు. సంస్థలు ఆ ఆర్థిక సంవత్సరం దాతల జాబితాని వచ్చే మే 31లోగా పన్ను శాఖకి పంపి, ఒక్కొక్కరికీ విరాళ ధ్రువపత్రం ఇవ్వాలి. 10బీఈ అన్న పేరుతో జనానికి తెలిసింది అదే. పేరులో ఒక అక్షరం, పాన్‌లో ఒక అంకె తేడా వచ్చినా మినహాయింపు ఆగొచ్చు. ఆఫీసులో ఇచ్చే పొదుపు వివరాల్లో ఈ విరాళాలు మామూలుగా తీసుకోరు, దాతలే రిటర్న్‌లో చూపించుకోవాలి. కాబట్టి ఫోన్లో వచ్చే జూన్ మొదటి వారానికి ఒక రిమైండర్ పెట్టుకోండి. ఆరు గళ్ళ కాగితం బయటికి తీసి, ధ్రువపత్రం అడిగే ఏడెనిమిది మందికి అది వచ్చిందో లేదో కనుక్కోండి. రాకపోతే సంస్థకి ఫోన్ చేయాల్సింది వాళ్ళు కాదు, మీరు.